లెస్లీ అన్న తెచ్చిన చివరి రికార్డు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా నాన్న కోవూరులో చర్చి బడి మాస్టారు. ఫలానా చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు భయపడితే, ఆ రోజు పాఠం ఆ చెట్టు కిందే చెప్పేవాడు. ఆయన పెంపకంలో పెరిగినవాణ్ణి. ఇది చదివి నవ్వుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

అరవైల మొదట్లో ముత్తుకూరు దాటి, సముద్రం దగ్గర్లో ఒక ఉప్పు కొఠారు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. కాలువ గట్టున రెండు గదుల క్వార్టరు, ముందు ఒక వసారా. కరెంటు లేదు. వానాకాలం వస్తే ఉప్పు పని ఆగిపోతుంది, కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోతారు. అప్పుడు కాలువలో పోయే పడవవాళ్లు, నాకు నీళ్లు తెచ్చే ఆవిడ తప్ప మనిషి కనిపించడు. నాకు పెళ్లి కాలేదు. తరువాత కూడా కాలేదు.

నాకున్న వ్యసనం ఒకటే, జాజ్ రికార్డులు. నెల్లూరులో చదువుకునే రోజుల్లో ఒక అమెరికా దొర ఇంట్లో కిటికీ బయట నిలబడి మొదటిసారి విన్నాను. అది శాక్సఫోను అని కూడా అప్పటికి తెలియదు. ఎవరో నాతోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఉద్యోగం వచ్చాక మద్రాసు పోయినప్పుడల్లా పాత సామాన్ల బజారులో వెతికేవాణ్ణి. హార్బరులో దిగిన నావికులు అమ్ముకున్న లాంగ్ ప్లే రికార్డులు అక్కడ దొరికేవి. టార్చిలైటు బ్యాటరీలతో నడిచే చిన్న ప్లేయరు ఒకటి కొనుక్కున్నాను. ఒక్క రికార్డే పడుతుంది. అయిపోతే ముల్లు తనంతట తాను లేవదు. చేత్తో తీయాలి, చేత్తో తిప్పి వేయాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా చుట్టుపక్కల ఆ సంగీతానికి ఏ పాటి గౌరవం ఉండేదో చెప్పనక్కర్లేదు. నాకు మంచినీళ్లు మోసుకొచ్చే రమణమ్మ మొదటిసారి విని, కుండ దించకుండా అక్కడే నిలబడిపోయింది.

"ఏందయ్యా అది, మేకను కోస్తుండారా?"

నేను నవ్వాను గానీ, లోపల మాత్రం బాధ కలిగింది. మనకు ప్రాణమైన దాన్ని ఒక్కరితోనైనా పంచుకోలేకపోవడం ఎంత బరువో అది మోసినవాళ్లకే తెలుస్తుంది.

లెస్లీ అన్న పరిచయమైంది బిట్రగుంటలో. అక్కడి రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే దేశం వదిలి వెళ్లిపోతున్న రోజులు. వెళ్లేముందు మంచాలు, బీరువాలు, పింగాణీ సామాను వరండాలో పరిచి అమ్మేవాళ్లు. అలాంటి ఒక వరండాలో ఒకే రికార్డు మీద ఇద్దరం చెయ్యి వేశాం. ఆయన ఇంజను డ్రైవరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. భారీ మనిషి, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. భార్య చనిపోయింది, తోబుట్టువులు ఓడెక్కి వెళ్లిపోయారు, తను మాత్రం ఉండిపోయాడు.

"నువ్వే తీసుకో అబ్బయా. కానీ వినేదానికి నేను మీ ఇంటికి రావాల, సరేనా?" అన్నాడు.

సరే అన్నాను. నిజంగానే వచ్చాడు. డ్యూటీ లేని ఆదివారాలు రైల్లో నెల్లూరు దాకా, అక్కడి నుంచి బస్సులో, ఆ పైన అద్దె సైకిలు మీద. చంకలో ఏదో ఒక రికార్డు ఉండేది, గుడ్డ సంచిలో చుట్టి. రమణమ్మ ఆయన్ని దొర అని పిలిచేది.

మొదట్లో ఒక తమాషా జరిగింది. ఆయన తెచ్చింది నేను వింటుంటే నా ఎదురుగానే కూర్చున్నాడు. నేను మర్యాదకు తల ఊపుతూ ఉన్నాను. సగంలో ముల్లు ఎత్తేశాడు.

"నువ్వు నా మొహం చూసి ఊపుతుండావు, పాట విని కాదు" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. రికార్డు తెచ్చినవాడు దాన్ని వేసి, వసారాలోకి పోయి, కాలువ వైపు ముఖం పెట్టి పేము కుర్చీలో కూర్చోవాలి. వినేవాడు గదిలో, ప్లేయరుకు వీపు పెట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చోవాలి. ఒక వైపు అయిపోగానే తెచ్చినవాడు లోపలికి వచ్చి ముల్లు ఎత్తి నిలబడతాడు. నచ్చితే "రెండో పక్క వెయ్యి" అనాలి. నచ్చకపోతే ఏమీ అనకూడదు. అప్పుడతను మారుమాట లేకుండా రికార్డు అట్టలో పెట్టేస్తాడు. అలకలు లేవు, బుజ్జగింపులు లేవు.

ఆయన ఎంపిక ఎలా ఉండేదో చెప్పాలి. ఒకదాంట్లో పియానో, బేసు రెండే ఉంటాయి. వాయించేవాడు మధ్యలో ఆగి ఆలోచించుకోవడం కూడా వినబడుతుంది. ఇంకొకదాంట్లో ట్రంపెట్ మూతికి ఏదో అడ్డుపెట్టి వాయిస్తాడు, చాటుకు పోయి ఏడ్చినట్టుంటుంది. "ఇది వానలో వినాల," "ఇది కడుపు నిండినాక వినాల" అని చెప్పి మరీ ఇచ్చేవాడు. నేను ఇచ్చినవాటిలో సగానికి పైగా ఆయన మౌనంగా తిప్పికొట్టాడు. మిగతావాటికి "వెయ్యి, వెయ్యి" అని తొందరపెట్టేవాడు. ఆ ఆదివారాల కోసం నేను మిగతా వారం గడిపేవాణ్ణి.

చివరిసారి వచ్చిన రోజు సైకిలు పంక్చరై ఆలస్యంగా చేరాడు. పైన మబ్బు కమ్ముకొచ్చింది. వెంటనే బయలుదేరకపోతే బస్సు దొరకదు. రికార్డు నా చేతిలో పెట్టి, "నేను వచ్చేదాకా వినబాక. నేను బయట కూర్చోవాల" అని చెప్పి వెళ్లిపోయాడు.

తరువాత రాలేదు. చాలా ఆదివారాలు చూసి, నేనే బిట్రగుంట వెళ్లాను. ఆయన క్వార్టరు ముందు ఎవరివో పసిపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. పక్కింటావిడ చెప్పింది. గూడూరులో డ్రైవర్లు పడుకునే గదిలో, నిద్రలోనే పోయాడట. సమాధి మీద అప్పటికే గడ్డి మొలిచింది. కాసేపు నిలబడి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఆయన నాకు ఏమవుతాడో ముందు చెప్పాలి. అది నాకే తెలియదు.

ఆ రికార్డు వినలేదు. ఆయన మాట మీద గౌరవం ఒకటి. అసలు కారణం వేరే. అది వినేస్తే ఇక ఆయన నాకు ఇవ్వాల్సింది ఏమీ మిగలదు. వినకుండా ఉన్నంత కాలం ఒక ఆదివారం బాకీ ఉన్నట్టే. ఏడాది అలాగే బీరువాలో పెట్టి ఉంచాను.

మరుసటి వానాకాలం నన్ను వేరే జిల్లాకు బదిలీ చేశారు. సామాను సర్దుతుంటే అది చేతికి వచ్చింది. ఆ వసారా లేని చోట దాన్ని వినడంలో అర్థం లేదనిపించింది. ఆదివారం మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చింది. పేము కుర్చీ తడవకుండా అంతకుముందే గోడకు బోర్లా వాల్చి పెట్టాను. రికార్డు వేసి, అలవాటు ప్రకారం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నాకు అది నచ్చలేదు. ఉన్నమాట చెబుతున్నాను. రెండు శాక్సఫోన్లు ఒకదాని మాట ఒకటి వినకుండా అరుచుకోవడం తప్ప నాకేమీ అందలేదు. ఆయన అంత దూరం మోసుకొచ్చింది దీన్నా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక వైపు అయిపోయింది. ముల్లు చివరి గీతలో గరగరలాడుతోంది. లేవబుద్ధి కాలేదు.

అప్పుడు వసారాలో పేము కుర్చీ కిర్రుమంది. బరువైన మనిషి లేస్తే వచ్చే చప్పుడు. అది నాకు బాగా తెలుసు. అడుగులు లోపలికి వచ్చాయి. నా వెనక గరగర ఆగిపోయింది.

నేను తిరిగి చూడలేదు. ధైర్యం చాలక అంటారేమో, అనండి. భయం మాత్రం వేయలేదు. నా మాట కోసం అక్కడెవరో ఎదురుచూస్తున్నారని తెలుస్తోంది. నేను నోరు మెదపకపోతే రికార్డు అట్టలోకి పోతుంది, ఆ మనిషి వెళ్లిపోతాడు. అంతే, ఇక ఎప్పటికీ రాడు.

"రెండో పక్క వెయ్యన్నా" అన్నాను.

 తరువాత ముల్లు పడింది. రెండో వైపు మొదలైంది. కళ్లు మూసుకుని అది ఆఖరి దాకా విన్నాను. ఏం విన్నానో గుర్తులేదు. నేను ఒంటరిగా లేనని మాత్రం గుర్తుంది. అది కూడా అయిపోయి గరగర మొదలైంది. ఈసారి ఎవరూ ఆపలేదు. ఆపుతారని చాలాసేపు చూసి, చివరికి వెనక్కి తిరిగాను. గదిలో ఎవరూ లేరు. ప్లేయరు మీద రికార్డు రెండో వైపుకు తిరిగి ఉంది. బయట కుర్చీ కాలువ వైపు ముఖం పెట్టి నిలబెట్టి ఉంది.

మరునాడు నీళ్లు తెచ్చిన రమణమ్మ తనంతట తానే అంది.

"నిన్న దొర వచ్చినట్టుండాడే అయ్యా! ఇన్నాళ్లూ యాడికి పోయినాడు? గట్టు మీద నించి పలకరిస్తే చెయ్యెత్తినాడు."

ఆయన పోయినట్టు ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు కదా.

"తరువాత ఎటు పోయినాడు?" అని అడిగాను.

"మేకల పాట ఆగిపోతానే లేచి లోపలికి పోయినాడు గదా. నన్నడగతావేంది? ఇంట్లో ఉండింది నువ్వు."

దీనికి నేను ఎన్నో సమాధానాలు చెప్పుకున్నాను. దిగులుతో మతి తప్పి నేనే లేచి తిప్పానేమో. కుర్చీ కూడా నేనే సరిచేశానేమో. రమణమ్మ ఆదివారాల లెక్క తప్పిందేమో. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ కుదురుతాయి. అన్నీ కలిపి చూస్తే ఒక్కటీ కుదరదు. మా నాన్న బతికి ఉంటే ఏమనేవాడో తెలియదు.

ఆ తరువాత చాలా ఊళ్లు తిరిగాను. ప్లేయర్లు మారాయి. ఆ రికార్డు నాతోనే ఉంది. ఎంత విన్నా నాకు నచ్చదు, నచ్చుతుందన్న ఆశా లేదు. అయినా వానాకాలంలో ఒక ఆదివారం దాన్ని వేసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను. మొదటి వైపు అయిపోగానే ఆ మాట గట్టిగా అంటాను. ముల్లు గరగరలాడుతూ ఉంటుంది. కాసేపు చూసి, లేచి, నేనే తిప్పి వేసుకుంటాను.