వాగు దాటి వెనక్కి వచ్చే మనిషి

ఆయన పేరు తలచుకుంటే నాకు ముందు మోకాళ్ల దాకా తడిసిన పైజామా గుర్తొస్తుంది. వైద్య శిబిరాల కోసం జింగనూర్ అడవుల వైపు వెళ్లే మా రెండు జీపుల్లో ముందుది ఆయన నడిపేవాడు. అందరం చాచా అనేవాళ్లం.

అడవిలో ఫోన్లు పనిచేయవు. జీపుల మధ్య మాట్లాడుకోవడానికి వాకీటాకీలు కొనే పని నాకు అప్పగించారు. ఒక సెట్టుతో మిత్రుణ్ణి ప్రాణహిత అవతలి ఒడ్డుకు పంపి, సిరోంచ ఒడ్డున నిలబడి మాట్లాడాను. పక్కనే ఉన్నట్టు వినిపించింది.

చాచా పెదవి విరిచాడు. "నీళ్ల మీద ఎంత దూరమైనా ఇనవడ్తది బేటా. గుట్టల నడుమ వాగుల దిగి చూడు జర."

నేను చూడలేదు. డబ్బా మీద రాసిన కిలోమీటర్లనే నమ్మి అవే కొన్నాను.

ఆ వానాకాలం చాచా ముందుగా వాగు దాటి, నీళ్లు పెరగడం చూసి, "రావద్దు, ఆగుండ్రి" అని సెట్టులో అరిచాడట. మలుపు వెనక రెండో జీపులో ఉన్న మాకు గరగర తప్ప ఏమీ వినపడలేదు. వాగులో దిగాం. జీపు ఒరిగిపోయింది. మాతో ఉన్న నర్సును ఆయనే నడుంలోతు నీళ్లలోంచి గట్టుకు చేర్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

తర్వాత గుట్టల్లో తిరిగి పరీక్షించి మరీ మంచి సెట్లు తెచ్చాను. అయినా చాచా ప్రతి వాగూ దాటి, అవతల బండి ఆపి, నీళ్లలో వెనక్కి నడిచి వచ్చి, నా పక్కన నిలబడి చెప్పేవాడు. "ఇగ రాండ్రి."

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సెట్లు మంచిగనే ఇనవడ్తున్నయి గద చాచా, ఎందుకింత పరేషాన్?"

ఆయన పైజామా అంచు పిండుకుంటూ, ఏ కోపమూ లేకుండా అన్నాడు.

"సెట్లు మంచియే బేటా. తెచ్చింది నువ్వు గద."