పేజీలో కన్నం

క్రీడల పేజీ చూసే సబ్ ఎడిటర్ని ఆఫీసులో అందరూ కాలుగాలిన పిల్లి అంటారు. కూర్చుంటే మోకాలు ఊపుతాడు, లేస్తే గోళ్లు కొరుకుతాడు. పతకాల కోసం తిండి మానేస్తున్న ఆడపిల్లల మీద కథనం వచ్చిన సాయంత్రం మరీ నిలవలేకపోయాడు. ఫొటోగ్రాఫర్ చూపించినవన్నీ తోసేశాడు. "ఇవి కాదయ్యా! ఎముకలు లెక్కపెట్టేలా ఉండాలి. చూస్తే గుండె ఝల్లుమనాలి. ఒక్క పిల్లయినా భయపడి బుద్ధిగా తింటే చాలు," అంటూ పాత ఫొటోలన్నీ తిరగేసి, పక్కటెముకలు తేలిన పరుగుపందేల పిల్ల ఫొటోను పేజీ నడిమధ్య నిలబెట్టాడు.

పొద్దున లేచి పేపరు కోసం ఇల్లంతా గాలించాడు. చివరికి భోజనాల బల్ల మీద దొరికింది. ఆత్రంగా తన పేజీ తీసి ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో ఉండాల్సిన చోట కన్నం! "నేనే కత్తిరించా నాన్నా, అద్దానికి అంటించుకుందామని," అంది స్కూలు జట్టులో ఈత కొట్టే కూతురు, కత్తెర సొరుగులో పెడుతూ. "ఆ అక్క ఎంత బాగుందో! నేనూ అలా అయిపోతా, చూస్తూ ఉండు." ఆయన పేపరు దించలేదు. కన్నంలోంచి బల్ల మీద కూతురి పళ్లెం కనబడుతోంది. వడ్డించింది వడ్డించినట్టే ఉంది.