చింతపండుతో తోమిన రివాల్వరు

నా చిన్నప్పుడు నేను వెలగబెట్టిన ఘనకార్యాల్లో ఒకదానికి మాత్రం రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది. అది ఒక పాత రివాల్వరుకు దారంతో కట్టి ఉంది.

మాది గురుబరపల్లి. చదువు కోసం నన్ను కెలమంగలంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. మా పెదనాయన పట్టుపురుగులు పెంచేవాడు. పట్టుగూళ్లు అమ్మడానికి బెంగళూరు వెళ్లినప్పుడల్లా, అందరిలా దోసె తిని బస్సెక్కేయకుండా, పాత సామాన్ల అంగళ్లు తిరిగేవాడు. ఆయన వెతికేది ఒక్కటే. ఎప్పుడో అమెరికాలో చేసి, ఇక్కడి దొరలు వదిలిపోయిన జేబు రివాల్వర్లు. అరచేతిలో ఇమిడేంత చిన్నవి. అవి పేలవని పోలీసు స్టేషనులో రాయించుకున్న కాగితాలు కూడా వాటిని దాచిన పెట్టెలోనే భద్రంగా ఉండేవి. "ఎలకను కొట్టమంటే చేతులు రావు, ఈయప్పకు తుపాకులు కావాలంట!" అని పెద్దమ్మ దెప్పేది.

పాత శుభలేఖల అట్టలు చిన్నచిన్నగా కత్తిరించి, ప్రతి రివాల్వరుకూ ఒకటి దారంతో కట్టేవాడు. అది యాడ దొరికింది, అంతకుముందు ఎవరిది, ఎక్కడ బీట పడింది, అన్నీ దాని మీద రాసేవాడు. సంసారం లెక్కలు గుర్తుండవు గానీ ఇవి మాత్రం పొల్లుపోయేవి కావు.

ఒక ఉగాది ముందురోజు బెంగళూరు నుంచి ఒకాయన వస్తున్నాడని కబురొచ్చింది. పెదనాయన ఏళ్లతరబడి వెతుకుతున్న రివాల్వరు ఆయన దగ్గర ఉంది. ఇత్తడి ఒంటి మీద సన్నటి వెండిపూత, దాని మీద తీగల నగిషీ ఉన్న మా రివాల్వరు ఆయనకిస్తే, అది మనకిస్తాడు. పెదనాయన మా దాన్ని తీసి పీటమీద పెట్టి, పురుగులకు ఆకు వేయడానికి పోయాడు. పెద్దమ్మ బావి దగ్గర పండగ సామాన్లన్నీ చింతపండు, బూడిద పెట్టి తోముతోంది. చెంబులూ దీపాలూ తళతళలాడుతుంటే, చుట్టానికి చూపించాల్సిన ఈ ఒక్కటి మాత్రం నల్లగా, మాసిపోయి కనిపించింది. పాపం అనిపించింది. ఇంకేం, దానికీ చింతపండు పట్టించి, చేతులు నొప్పెట్టేదాకా కొబ్బరిపీచుతో రుద్దాను. పసుపుపచ్చగా మెరిసింది. భలే తోమినానని నాకు నేనే మురిసిపోయాను!

వచ్చినాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయ్యయ్యో, ఎవురప్పా దీన్నిట్లా తోమింది? వెండంతా పోయినాదే, నగిషీ అరిగిపోయినాదే!" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను వదిలించింది మురికి కాదని. పెద్దమ్మ "నీ చేతులు పడిపోనూ" అని లేచేలోగా నేను పురుగుల గదిలోకి దూరి తట్టల వెనక నక్కాను. ఆయన కాఫీ తాగి, తాను తెచ్చిన రివాల్వరును రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. పెదనాయన దాన్ని ఇంకెప్పుడూ చూడలేదు.

నన్ను వెతుక్కుంటూ వచ్చి ఆయన కొట్టలేదు. పక్కన చతికిలబడి, "నలుపంతా మురికి కాదు పాపా. కొంత నలుపు, దాన్ని పట్టుకున్నోళ్ల చేతులది" అన్నాడు, అంతే. తర్వాత అట్టమీద ఏదో రాసి, రివాల్వరును మళ్లీ పెట్టెలో పెట్టాడు. నా తప్పు రాశాడని తెలుసు. ఆ పెట్టె తెరిచి చూసే ధైర్యం నాకు పెళ్లయ్యేదాకా కాదు, ఆయన పోయేదాకా రాలేదు.

ఆయన పోయాక, వాటిని ఒక మ్యూజియానికి అప్పగించే రోజున పెద్దమ్మ నన్ను పిలిపించింది. కళ్లజోడు పెట్టుకుని ఆ అట్ట తిప్పాను. "ఉగాది ముందురోజు మా పాప చింతపండుతో తోమింది. వెండిపూత పోయింది" అని ఉంది. దాని కింద ఇంకో వరుస. "చుట్టం వస్తాడని, మన ఇంటి సామానే కదా అని తోమింది. చానా శ్రద్ధగా తోమింది."

పెట్టె ముందే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. జరిగింది ఒక వరుస, ఎందుకు జరిగిందో ఇంకో వరుస. ఆ రెండో వరుస రాసిన ఆ మహానుభావుడి ఋణం నేనెలా తీర్చుకోను?

మొన్న హోసూరులో మా మనవరాలు నా కళ్లజోడును గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్ది తెచ్చి ఇచ్చింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఎందుకు తోమినావు పాపా?" అని అడిగాను. "నీకు సరిగ్గా కనపడలేదంటివే, అవ్వా" అంది.

ఆ గీతలు పడ్డ కళ్లజోడు పెట్టుకునే ఇది రాస్తున్నాను.