రమణమ్మ చేలో మూడో రాత్రి మంద

నేను తెప్పించుకునే కందిపప్పు ప్యాకెట్ మీద ‘రాచర్ల గొర్రెల ఎరువుతో పండించినది’ అని ఉంటుంది. ధర మామూలు పప్పుకు దాదాపు రెట్టింపు. ఇలాంటి మాట కనబడితే నాకు నిద్ర పట్టదు. మా పాలవాడు నన్ను చూడగానే కొలపాత్ర ఇంకోసారి కడుగుతాడు, అంత అనుమానపు మనిషిని. అందుకే మే నెలలో, వానలు పడకముందే, ఆ ఎరువు సంగతేమిటో చూద్దామని బయల్దేరాను.

ఒంగోలులో మధ్యాహ్నం బస్సెక్కి పొదిలి, మార్కాపురం, కంభం మీదుగా గిద్దలూరు చేరి ఆ రాత్రికి లాడ్జిలో దిగాను. పొద్దున ఐదున్నరకే రాచర్ల వైపు షేర్ ఆటో దొరికింది. ముప్పై రూపాయలన్నాడు. పక్కామె ఎంతిచ్చిందో చూశాకే నేనూ ఇచ్చాను. డ్రైవర్ నవ్వి, “అక్కా, మంద చూడాలంటే రమణమ్మ వదిన చేనికాడ దిగు. ఎండెక్కితే గొర్రెలు మేతకు పోతాయి,” అన్నాడు.

రమణమ్మది రెండెకరాల మెట్ట. వేసవిలో ఇక్కడి రైతులు గొర్రెల కాపరిని పిలిచి, రాత్రిళ్లు మందను తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. చుట్టూ వల కట్టిన చోట పెంట, మూత్రం పడి నేలకు బలమొస్తుంది. మర్నాడు వల పక్కకు జరుపుతారు. బదులుగా కాపరికి బియ్యం, రాత్రి భోజనం. “పోయినేడు మంద పండుకున్నకాడ కంది భుజం ఎత్తు వచ్చె. పండుకోనికాడ మోకాలు దాటలా. ఎరువు మూటలు కొనే శక్తి మాకేడుంది? ఇంక ఈ రాత్రి ఒక్కటే, రేపు మంద అడవి పక్కకు పోతాది, మళ్లీ ఏడాదికే,” అంది రమణమ్మ. మూడు రోజులుగా ఉపాధి పనికి పోతున్నందున ఆమె చేలోకి రావడం ఈరోజేనట.

మూడు రాత్రులు మంద పడుకుందని చెప్పింది గానీ, పెంట పడిన నల్లటి చదరాలు నాకు రెండే కనిపించాయి. “మూడోదేది?” అని అడిగాను. రమణమ్మ చేనంతా చూసి, గట్టు అవతలికి చూసి ఆగిపోయింది. మూడో చదరం పక్క చేలో ఉంది. అది ఆమె బావగారిది.

కాపరి గురవయ్య వల చుడుతున్నాడు. “ఏంది మామా ఇది? మా బియ్యం తిని మంద ఆడ పెట్టినావా?” అని రమణమ్మ అరిచింది. ఇద్దరి దగ్గరా బియ్యం తీసుకున్నాడని నేనూ అప్పటికే తీర్పు చెప్పేసుకున్నాను. గురవయ్య తల ఎత్తలేదు. “మీ ఇంటాయన్ని అడుగమ్మా,” అన్నాడు.

అక్కడే ఉన్న ఆమె భర్త వెంకటయ్య మూడు రాత్రులూ మంద దగ్గరే పడుకున్నాడు. తువ్వాలు దులిపిందే దులుపుతూ, “నేనే పెట్టమన్నా. అన్న నడుము విరిగి మంచాన పడినాడు. ఈ ఏడు ఆ చేనికి ఎవరు పెట్టిస్తారు?” అన్నాడు.

“నాతో చెప్పుంటే వద్దంటానా?”

“అంటావు.”

రమణమ్మ మంద పడని తన చేను వైపు చూసింది. “అంటాను. మన చేనికే చాల్లా,” అంది. “ఈ రాత్రి మన చేలోనే. నేనే వచ్చి పండుకుంటా.”

వెళ్లేముందు నా ప్యాకెట్ చూపించాను. ఆమె తిప్పి తిప్పి చూసి, “మా కందులు గిద్దలూరు దుకాణంలో అందరివీ ఒకే కుప్పలో పోస్తారు. మాయేవో మాకే తెలీదు,” అంది. నాలుగడుగులు వేశానో లేదో, వెనక ఆమె గొంతు వినిపించింది.

“బావకు చెప్పినావా?”

“లే.”

“చెప్పబాక. చెబితే తనకోసం మన చేను ఎండగట్టినామని ఏడుస్తాడు.”

ప్యాకెట్ మీద నా అనుమానం నిజమే అయింది, ఆ పప్పు మానేశాను. గురవయ్య మీద పెట్టుకున్న అనుమానానికి మాత్రం తిరుగు బస్సులో కంభం దాటేదాకా సిగ్గుపడుతూనే ఉన్నాను. రమణమ్మ వాళ్లకున్నది రెండెకరాలు, అందులో ఒక రాత్రి ఎరువు తగ్గితే ఆ మేర పంట తగ్గుతుంది. అది తెలిసే వెంకటయ్య అన్నకు ఇచ్చాడు, తెలిసే ఆమె ఊరుకుంది.

మీరూ వెళ్తే ఆరులోపే చేలో ఉండండి, ఏడు దాటితే మంద ఉండదు. ఎవరినైనా ఏదైనా అనబోయేముందు గట్టు అవతలి చేను ఎవరిదో ఒకమాట అడగండి.