సర్వరక్క, ముసలాయన, కొత్త పెళ్ళికొడుకు

నాకు నోరు కాస్త ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత మీరు కొత్తగా కనిపెట్టే పని ఉండదు. మా సర్వరక్క నాకు పూర్తిగా వ్యతిరేకం. రోజు మొత్తమ్మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ పదిలోనూ నాలుగు కంప్యూటరుతోనే.

మాది కళ్ళజోళ్ళ అద్దాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. దుకాణాల నుంచి చీటీలు వస్తాయి. ఎవరి కంటికి ఎంత పవరో వాటి మీద ఉంటుంది. ఆ కొలతకి అద్దం అరగదీసి, పాలిషు పట్టి, ఫ్రేములో బిగించి పంపుతాం. అద్దం అంచుని ఫ్రేముకి సరిపడేలా అరగదీయడం నా పని. యజమానిని వదిలేస్తే మొత్తం ఆరుగురం. మెట్ల కింద ఒక ఇరుకు గది, అందులో తలుపులు ఊడదీసిన ఇనప బీరువా, దాని మధ్య అరలో ఒక సర్వరు. ముప్ఫై వేల మంది కళ్ళ కొలతలు దాని కడుపులో ఉన్నాయి. పన్నెండేళ్ళ నాటిది. కూర్చున్నా మూలుగే, లేచినా మూలుగే. దాన్ని మేమంతా ముసలాయన అంటాం.

ముసలాయన బాగోగులు చూసేది సర్వరక్క. అసలావిడ ఇక్కడ చేరింది అట్టపెట్టెల మీద చిరునామాలు రాయడానికి. ముసలాయన్ని తెచ్చిన రోజు యజమాని అందర్నీ వరసగా నిలబెట్టి, దీనితో పనిచేయడానికి భయంలేని వాళ్ళెవరని అడిగారట. అక్క చెయ్యెత్తింది. ధైర్యం ఉండి కాదు, ఆ గదిలో ఫ్యాను ఉందని. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని, సర్వరుతో వచ్చిన లావుపాటి పుస్తకం ఆర్నెల్లు చదివింది. ఏది నొక్కితే ఏమవుతుందో పొడుగు నోటుపుస్తకంలో నీలి సిరాతో రాసుకుంది. ఏది నొక్కకూడదో ఎర్ర సిరాతో రాసుకుంది. పుస్తకంలో ఎరుపే ఎక్కువ. ప్రతి సోమవారం అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో ముసలాయన్ని తుడుస్తూ, ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది కూడా.

మా దగ్గర ఒక నియమం ఉంది. పొద్దున తొమ్మిదింటికల్లా ఎవరి కంప్యూటరులో వాళ్ళు పేరు, పాస్‌వర్డు కొట్టాలి. కొట్టిన నిమిషాన్ని ముసలాయన రాసుకుంటాడు. అదే హాజరు. తొమ్మిది దాటితే సగం రోజు కోత. ఒక నెలలో నాలుగు కోతలు పడితే మర్నాటి నుంచి రానక్కర్లేదు. యజమాని వచ్చేది పదకొండింటికి, వెళ్ళేది నాలుగింటికి. కానీ ఆ హాజరు జాబితా చూడనిదే కుర్చీలో కూర్చోరు.

నేను చేరినప్పుడు మా పాప ఒకటో తరగతి. బడి గేటు ఎనిమిదీ ముప్పావుకి గానీ తీయరు. ఐదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని పెద్దవాళ్ళే లోపల అప్పజెప్పాలి. అక్కణ్ణుంచి బస్సు, బస్సు దిగి పరుగు. ఎంత పరిగెత్తినా తొమ్మిదీ ఏడయ్యేది. గురువారం చేరాను, శనివారానికే మూడు కోతలు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఉద్యోగం ఊడుతుంది. మా ఇంట్లో అప్పుడు నాదొక్కటే జీతం. ఆ శనివారం చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క పక్కన నిలబడి చేతులు కడుక్కుంటూ, ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతోందని అడిగింది. ఏడన్నాను. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఒక్క ఓదార్పు మాటైనా లేదు, మనిషా మానా అని మనసులో తిట్టుకున్నాను.

సోమవారం ఉద్యోగం పోయినట్టేననుకుంటూ రొప్పుతూ వచ్చి పేరు కొడితే, తెర మీద ఎనిమిదీ యాభై తొమ్మిది. నా చేతి వాచీలో తొమ్మిదీ ఏడు. మావారు కొనిచ్చిన చవక వాచీ, ఆదివారం పూట తిన్నగా ఉండలేక ముందుకి పరిగెత్తిందని తేల్చేశాను. అక్కడికక్కడే దాన్ని ముసలాయన టైముకి సరిచేశాను. నాది బటన్ల ఫోను, అందులోనూ దిద్దాను. ఇంటికెళ్ళి గోడ గడియారం కూడా దిద్దాను.

అది మొదలు నాలుగేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఎప్పుడూ ఒక నిమిషం ముందే. బడివాళ్ళు గేటు ఎనిమిదీ ముప్ఫై ఏడుకే తీయడం మొదలుపెట్టారు, నా మొర దేవుడు ఆలకించాడనుకున్నాను. బస్సు టైముకన్నా ముందే కదిలిపోతోందని కండక్టరుతో రోజూ గొడవే. టీవీలో వార్తలు ముందే మొదలైపోతున్నాయేమిటంటే, ప్రకటనలు పెరిగాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మావారు ఒకటి రెండుసార్లు నీ గడియారం వెనకుందేమోనన్నారు. ఆఫీసు సర్వరు కన్నా మీకెక్కువ తెలుసా అని గయ్‌మన్నాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పైగా నోరు ఊరుకోదు కదా. మా ప్యాకింగు బాబాయి పాపం రోజూ సాయంత్రం ఆరూ అయిదు బస్సు తప్పిపోయి, మరో అరగంట రోడ్డు మీద నిలబడేవాడు. మనం ఆరింటికే వదిలినా నీకు బస్సు అందదేం బాబాయ్, కాళ్ళకి మేకులు కొట్టుకున్నావా అని ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వి, నీ అంత చురుకు మాకెక్కడిది తల్లీ అనేవాడు. నిజమేగా అనుకునేదాన్ని.

ఈ ఏడాది యజమాని కొత్త సర్వరు కొన్నారు. నల్లగా నిగనిగలాడుతూ, ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. కొత్త పెళ్ళికొడుకని పేరు పెట్టాం. దాన్ని అమర్చడానికి బయటి కంపెనీ నుంచి ఒకాయన వచ్చారు. ఆ ఇరుకు గదిలో, ఆ ఉక్కలో కూడా మెడలో టై విప్పరు. అందుకని ఆయన టైగారు. ముందు కొత్తవాణ్ణి ముసలాయన కుటుంబంలో చేర్చాలట. ముసలాయన దగ్గరున్న మా పేర్లు, పాస్‌వర్డులు, కళ్ళ కొలతలు అన్నీ కొత్తవాడు నకలు తీసుకోవాలి. అంతా చేతికొచ్చాక ఇంటి పెద్దరికం కొత్తవాడికప్పగించి ముసలాయన్ని పడుకోబెట్టాలి. రెండు గంటల పని అన్నారు టైగారు.

మూడు రోజులైంది. కొత్తవాడు వెళ్ళి తలుపు తట్టడం, నువ్వెవరో నాకు తెలీదని ముసలాయన తిప్పిపంపడం, ఇదే వరస. టైగారు తీగలు మార్చారు, పాస్‌వర్డు మార్చారు, కొత్తవాణ్ణి రెండుసార్లు మొదట్నుంచీ సిద్ధం చేశారు. ఊహూ. అక్క మాత్రం స్టూలు మీద కూర్చుని, నోటుపుస్తకం ఒళ్ళో మూసిపెట్టుకుని చూస్తూ ఉంది. ఏదైనా చెప్పొచ్చు కదక్కా అంటే, చూద్దాంలే అంది.

మూడో రోజు మధ్యాహ్నం టైగారు యజమానితో తీర్పు చెప్పేశారు. ముసలాయన బుర్ర చెడిపోయిందట. పేర్ల జాబితా కుళ్ళిపోయిందట. దాన్ని వదిలేసి అన్నీ మొదటినుంచీ పెట్టుకోవడమే దారి, ముప్ఫై వేల కొలతలూ మళ్ళీ ఎక్కించుకోవాలి. ఇన్నాళ్ళూ దీన్ని చూసుకున్నవాళ్ళు సరిగ్గా చూసుకోలేదన్నారు. యజమాని మొహం ఎర్రబడింది. వచ్చే నెల నుంచి టైగారి కంపెనీవాళ్ళే చూసుకుంటారని, అక్క తనకి వేరేచోట పని చూసుకోవచ్చని చెప్పేశారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న మనిషికి ఆ మాట అంత తేలిగ్గా చెప్పారు. అక్క తల కూడా ఎత్తలేదు.

గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఒళ్ళు మండిపోయింది. నా వెనక మిగిలిన నలుగురూ ఉన్నారు. నేను లోపలికి దూసుకెళ్ళాను.

"ఏం సార్, చేతకాని పని చేతకాలేదని చెప్పుకోండి, ముసలాయన మీద పెడతారేం? నాలుగేళ్ళుగా చూస్తున్నా, ఈయన టైము ఒక్క నిమిషం తప్పలేదు. కావాలంటే చూస్కోండి."

అని నా చెయ్యి ముసలాయన తెర పక్కన పెట్టాను. వాచీలో రెండూ పదకొండు. తెర మీద రెండూ పదకొండు. చూశారా అని గర్వంగా తలెగరేశాను. టైగారు చూశారు. తర్వాత మెల్లగా కొత్త పెళ్ళికొడుకు తెర వైపు తిరిగారు. అక్కడ రెండూ పంతొమ్మిది ఉంది. ఆయన తన ఫోను తీశారు. రెండూ పంతొమ్మిదే.

టైగారు నుదురు కొట్టుకున్నారు. రెండు సర్వర్ల గడియారాల మధ్య ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే ఒకదాన్నొకటి నమ్మవట. కొత్తవాడు టైము బయట ఇంటర్నెట్టు నుంచి తెచ్చుకుంటున్నాడు. ముసలాయనకి బయటి ప్రపంచంతో సంబంధం లేదు. బుర్రకేమీ కాలేదు, గడియారం వెనకుంది, అంతే. నేనింకా అర్థంకాక నిలబడ్డాను. యజమాని అక్క వైపు తిరిగి ఇదేమిటని అడిగారు. లోపలి బ్యాటరీ పాతదైపోయింది సార్ అంది అక్క.

"బ్యాటరీ పోతే రోజురోజుకీ జారుతుంది కదమ్మా," అన్నారు టైగారు. "నాలుగేళ్ళు అక్కడే ఎలా ఆగుతుంది?"

నేను వెనక్కి తిరిగాను. ప్యాకింగు బాబాయి నేల చూస్తున్నాడు. పాలిషు అన్నయ్య పైకప్పు చూస్తున్నాడు. వాళ్ళందరి జేబుల్లోనూ పెద్ద ఫోన్లే. వీళ్ళందరికీ తెలుసు. ఎనిమిది నిమిషాలు. ఏడు నాకు, ఒకటి నా పరువుకి. బాబాయికి ఆరూ అయిదు బస్సు ఎందుకు అందలేదో అప్పుడు తెలిసింది. ఊరందరికీ చూపు సరిచేసే చోట పనిచేస్తూ నేను కళ్ళుండి చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలుస్తుందేమో, అక్కది మాత్రం ఈ క్షణమే పోతుంది.

"అది బ్యాటరీ కాదు సార్. అక్క నాకోసం వెనక్కి పెట్టింది," అన్నాను. బడి గేటు, బస్సు, మూడు కోతలు అన్నీ చెప్పాను. "నేను ఒక్కరోజు కూడా తొమ్మిదికి రాలేదు. ఏం చేసినా నన్ను చేయండి."

"నన్ను అడగొచ్చు కదా?" అన్నారు యజమాని.

"మొదటి నెలలోనే అడిగాను సార్. అందరూ ఇలాగే అడుగుతారన్నారు."

అప్పుడు అక్క నోరు విప్పింది. పొద్దున ఆ పిల్ల తీసుకున్న నిమిషాలు సాయంత్రం అందరం కూర్చుని ఇచ్చాం, మీకు తగ్గిందేమీ లేదు సార్ అంది. గడియారం మార్చింది మాత్రం నేనే, తప్పు నాదే అని కూడా అంది. యజమాని కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. చివరికి, మా పాప ఐదో తరగతి పూర్తయ్యేదాకా నాకు పొద్దున తొమ్మిదీ పది, సాయంత్రం ఆరూ పది అని కాగితం మీద రాసిచ్చారు. కొత్త సర్వరు సంగతి టైగారి దగ్గర అక్కే నేర్చుకోవాలని, గది తాళం అక్క దగ్గరే ఉండాలని చెప్పి, ఇంకేదైనా ఉంటే ముందు తనకి చెప్పి ఏడవమని గొణుక్కుంటూ వెళ్ళారు.

గడియారం సరిచేయడం ఒక్క నిమిషం పని. పావుగంటలో ముసలాయన కొత్తవాణ్ణి లోపలికి రానిచ్చాడు. అక్క నోటుపుస్తకంలో ఐదు నిమిషాల సంగతి ఎర్ర సిరాతో రాసే ఉంది. అంటే మొదటి గంటలోనే ఆవిడకి తెలుసు. టైగారు ఆ పేజీ చూసి, టై వదులు చేసుకుని, మిగతా పేజీలు కూడా నకలు తీసుకోవచ్చా అని అడిగారు. అక్క సరేనంది.

మర్నాడు సాయంత్రం అసలు ఆరింటికే అందరూ లేచారు. నేను కూర్చున్నాను. అక్క సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. నిన్నట్నుంచీ లోపల కుతకుతలాడుతున్నది అడిగేశాను.

"నాకెందుకు చెప్పలేదక్కా? నలుగురిలో నన్ను పిచ్చిదాన్ని చేశావు."

"చెప్తే రోజూ తలొంచుకుని వచ్చేదానివి," అంది. "తెలీదు కాబట్టి నాలుగేళ్ళు రాణీలా వచ్చావు. చూడ్డానికి బావుండేది మాకు."

లైట్లు ఆర్పడం మర్చిపోకని చెప్పి వెళ్ళిపోయింది. నేను ఒక అద్దం తీసుకుని అంచు పట్టించాను. తెర చూస్తే ఆరూ రెండు. ఇంకో అద్దం పట్టించాను. ఆరూ నాలుగు. ఖాళీ గదిలో యంత్రం తప్ప చప్పుడు లేదు. ఎనిమిది నిమిషాలు ఇంత పొడుగుంటాయని నాకు తెలీదు. ఐదుగురు మనుషులు నాలుగేళ్ళపాటు, ఒక్క మాట అనకుండా, నాకోసం రోజూ ఇలా కూర్చున్నారు. కళ్ళలో నీళ్ళు నిండి అద్దం కనిపించలేదు. తుడుచుకుని మూడోది అందుకున్నాను. ఇంకా ఆరు నిమిషాలుంది.