నూరు దాటలేదు

గీదంలోని మా పైపుల, రేకుల దుకాణంలో రోజంతా రెండు కొలతలు నడుస్తాయి. సర్కారు కాగితాల్లో మీటర్లు, మా నోళ్లలో అడుగులు. పైపు మీద మిల్లీమీటర్లు అచ్చేసి ఉన్నా "ఆధా ఇంచ్ దే దో" అని హిందీలో అరంగుళమే అడుగుతారు, నేనూ అలాగే ఇస్తాను. ఏ కొలతనైనా ఏ కొలతలోకైనా నిమిషంలో మార్చేస్తానని మీసం మెలేసేవాణ్ణి. ఆ మీసానికి నిప్పు పెట్టాలి.

మా చెల్లెల్ని పామేడు వైపు ఇచ్చాం. వాళ్లది వ్యవసాయం. ఒక్కతే కూతురు, నాలుగేళ్లది. వానాకాలం వస్తే అక్కడ జ్వరాలు ఊరంతా తిరుగుతాయి, దారి చూస్తే మోకాళ్ల లోతు బురద. అందుకని జ్వరం చూసే మిషన్ ఒకటి నేనే కొని పంపాను, అంకెలు కనబడేది. ముందు నా చంకలో పెట్టుకుని చూసుకున్నాను. తొంభై ఎనిమిది చూపింది.

"నూరు దాటితేనే జ్వరం," అని ఫోనులో చెప్పాను. "దాటితే వెంటనే దవాఖానకు తీస్కపో. దాటకపోతే ఊకె భయపడకు."

ఎండ ఎంతుందో సెల్సియస్‌లో చెప్పుకునే మేము, ఒంటి వేడికి మాత్రం ఆ ఫారన్‌హీటునే పట్టుకుని వేలాడతాం. నూరంటే జ్వరం, అంతే. ఏ నూరో ఎవడూ అడగడు.

ఆ వానల్లోనే ఒక పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. దుకాణంలో రేకుల బేరం నడుస్తోంది.

"అన్నా, పాప ఒళ్లు కాలుతున్నది. మిషన్ల ముప్పై తొమ్మిది చూపెడ్తున్నది."

"చంకల సరిగ పెట్టినవా?"

"మూడుసార్లు పెట్టిన. అదే ముప్పై తొమ్మిది. ఒళ్లయితే పెనంలెక్క ఉన్నదన్నా."

"నూరు దాటిందా?"

"దాటలే."

"మరింకేంది నీ లొల్లి? పొయ్యికాడ ఉంటివి గదా, నీ చెయ్యే ఉడుకుంటది. నీళ్లు తాపియ్యి, అదే తగ్గుతది."

తొంభై ఎనిమిది ఉండాల్సిన చోట ముప్పై తొమ్మిది ఎందుకుందని అడగలేకపోయింది నా మొద్దు బుర్ర. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ మిషన్ సెల్సియస్‌లోకి మారిపోతుందట. ఎవరు నొక్కారో ఏమో. మర్నాడూ ఫోన్ చేసింది, నేనూ అదే మాట చెప్పాను.

మూడోనాడు పాపకు ఫిట్స్ వచ్చాయి. మొగుడూ పెళ్లాలు మోటార్ సైకిల్ మీద మధ్యన పెట్టుకుని ఆ బురదలో దవాఖానకు తెచ్చారు. నేను ఇటునుంచి పరుగెత్తాను. నర్సు తన మిషన్ పెట్టి చూసి "చాలీస్" అంది, నలభై అని.

"చాలీస్ అంటే తక్కువే కదా సిస్టర్?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏక్ సౌ చార్. మీ లెక్కల నూటనాలుగు. ఇన్ని రోజులు ఏం చేసిండ్రు?"

ముప్పై తొమ్మిది ఏ లెక్కదో అప్పుడు వెలిగింది నాకు. ఆ సాయంత్రమే పాప పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ చెల్లెలు ఒకటే చెప్పింది. "జ్వరమే లేకుండె. మా అన్న పంపిన మిషన్ల చూస్తనే ఉన్న. ఏం గాలి సోకిందో." నేను పక్కనే కూర్చుని తల వంచుకున్నాను. తప్పు నాదని చెప్పలేదు. అంత పిరికి వెధవను నేను.

నెల తర్వాత ఫోనులో మామూలుగా అంది, "పక్కింటి పిల్లకు మన మిషన్ల చూసిన అన్నా. ముప్పై తొమ్మిదే ఉన్నది. ఏం గాదులే అని చెప్పిన."

"వెంటనే దవాఖానకు తీస్కపొమ్మను!" అని అరిచాను. దుకాణం మూసి బయల్దేరాను. నేను చేరేసరికి ఆ పిల్లను తీసుకెళ్లారు. తర్వాత కోలుకుంది కూడా.

చెల్లెలిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. రెండు లెక్కలున్నాయని, ఆ మిషన్‌లో ముప్పై తొమ్మిదంటే నూటరెండని. ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"అంటే నా చెయ్యి చెప్పిందే నిజమా?"

"నిజమే చెల్లె."

తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆమె చాలా మెల్లగా అంది, "నిన్ను అడగకుంట ఉంటే, నా బిడ్డ బతుకుతుండె గదన్నా."