ఉయ్యాల పక్క మేకు

కోడలికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డ బట్టలకు అలమర కావాలని కొడుకు అపార్టుమెంటు గోడకు డ్రిల్లు పెట్టించినాడు. ఆ సున్నపు దుమ్ము వాసనకు నాకు చిన్నప్పటి మేకొకటి మతికొచ్చింది.

అప్పుడు బళ్లారి బజారులో, అంగడి మీద ఒంటి గది మాది. అమ్మ కడుపుతో ఉండింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో మేకు కొట్టకూడదని మా అవ్వ కట్టడి. ఉయ్యాలకు చోటు చేస్తూ నా పుస్తకాల సంచి తీసేసినారని, అది తగిలించుకునేకి అంగట్లోని శేరు తూకపు గుండుతో చాటుగా నేనొక మేకు కొట్టినా.

తమ్ముడు చెవి పక్కన సన్నని తూటుతో పుట్టినాడు. నా మేకే గుచ్చుకుందనుకున్నా.

"ఈ మేకు ఎవరు కొట్టినారే?" అనింది అవ్వ.

"నేనే అత్తా, మతికి లేక కొట్టినా," అనింది అమ్మ.

ఏండ్ల తరబడి అవ్వ అమ్మనే తిట్టింది. అమ్మ నిజంగానే మరిచి తనదే అనుకుందని, నేను ఎవరికీ దొరకలేదనే అనుకున్నా.

ఈరోజు పనివాడు తన తల ఎత్తులో గోడకు గుర్తు పెడుతుంటే తట్టింది. నా మేకు అమ్మ నడుముకన్నా కిందుండేది, నా చిన్న చేతికి అందినంత ఎత్తులో.